సోమయ్య నంబరు

వాల్వు కట్టేసి పైపులో నీళ్లు ఆపితే తప్ప సోమయ్యకు ఫోనులో మాట వినిపించదు. విమానాశ్రయం రోడ్డు మధ్యలో కాగితంపూల చెట్లకు నీళ్లు పెట్టడం ఆయన పని. రెండు పక్కలా కార్లు పోతుంటాయి, పైన విమానాలు దిగుతుంటాయి. అందుకని ఫోనును చొక్కా జేబులో కాకుండా తలకు చుట్టుకున్న తువ్వాలు మడతలో, చెవికి ఆనేట్టు పెట్టుకుంటాడు. అది వణికిందంటే పైపు కింద పెట్టి, పదడుగులు నడిచి, వాల్వు కట్టేసి, అప్పుడు మాట్లాడతాడు. రోజుకు ఏడెనిమిది సార్లు ఇదే వరస.

ఆ రోజు కూడా తొమ్మిదింటికి వణికింది. తెలియని నంబరు.

"హలో, గోవర్ధన్ గారున్నారా అండీ?"

"లేడమ్మా."

"ఎప్పుడొస్తారండీ?"

"గా ముచ్చట నాకు గూడ చెప్పి పోలే."

అవతలి అమ్మాయి పేరు శిరీష. అప్పిచ్చిన కంపెనీ తరఫున ఆరు నెలలుగా ఆమే చేస్తున్నది. అంతకు ముందు ఒక మగగొంతు ఉండేది, బూతులు తిట్టేది. శిరీష తిట్టదు. కాగితం చూసి చదివినట్టు అవే మాటలు అదే రాగంలో చెబుతుంది. నంబరు మాత్రం ప్రతిసారీ కొత్తది.

"కారు అమ్మగా ఇంకా లక్షా పదివేలు బాకీ ఉందండీ. రెండో తాళంచెవి కూడా అప్పజెప్పలేదు. కాగితాల్లో మీ నంబరు ఉంది కాబట్టి మీరే చెప్పాలి."

"నేను సంతకం వెట్టలే బిడ్డా. నంబరే ఇచ్చిన."

ఆ నంబరు నాలుగేళ్ల కిందటిది. విమానాశ్రయం తెరిచిన ఏడాది, పనివాళ్లందరి దగ్గరా ఫోను ఉండాలని కాంట్రాక్టరు అన్నాడు. అలా గల్లీలో మొదటి ఫోను సోమయ్యకు వచ్చింది. గ్యాసు కాగితం మీద, బడి కాగితం మీద, దవాఖాన చీటీ మీద గల్లీవాళ్లంతా ఆ నంబరే రాయించుకున్నారు. ఎవరు అడిగినా "రాసుకోండ్రి, దానికేమన్న పైసలు వడుతయా" అనేవాడు. అలా అనడం ఆయనకు కొంచెం గొప్పగానే ఉండేది. అక్క కొడుకు గోవర్ధన్ ట్యాక్సీ నడుపుదామని అప్పు మీద కారు కొన్నప్పుడు కూడా అదే నంబరు రాశాడు.

ఇప్పుడు గల్లీలో ఇంటికి రెండు ఫోన్లు. గోవర్ధన్ మాత్రం లేడు. కిస్తులు ఆగిపోతే కంపెనీవాళ్లు కొత్తూరు దగ్గర, లోపల గిరాకీ కూర్చుని ఉండగానే కారు ఆపి, తాళంచెవి గుంజుకుని తోలుకుపోయారు. ఆ నెలలోనే వాడు ఇల్లు విడిచాడు. రెండేళ్లయింది. ఆరేడు నెలలకొకసారి ఏదో కొత్త నంబరు నుంచి చేసి, "అమ్మ మంచిగున్నదా మామా?" అని అడిగి పెట్టేస్తాడు. వాడికి నోటికి వచ్చిన నంబరు సోమయ్యది ఒక్కటే.

అందుకే సోమయ్య తెలియని నంబరు ఏదీ వదలడు. ఎత్తిన ప్రతిసారీ ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి వింటాడు.

"మళ్ల మీ వియ్యపురాలేనా అన్నా?" అన్నాడు తోటి పనివాడు పెంటయ్య, ఎండుటాకులు ఊడుస్తూ. కంపెనీ అమ్మాయికి వాడు పెట్టిన పేరది.

"ఆఁ. ముహూర్తం ఎప్పుడని అడుగుతున్నది."

"ఆ సిమ్ము దీసి మోరీల వడెయ్ రాదే. యాభై రూపాయలకు కొత్తది వస్తది. ఎందుకీ పరేషాన్?"

"నంబరు మారితే పోరడు యాడికి జేస్తడు రా?"

పెంటయ్య ఊడుస్తూ ముందుకు పోయాడు. సోమయ్య వాల్వు తిప్పి పైపు అందుకున్నాడు.

నీళ్లు పడుతున్నంతసేపూ ఆయన మనసు ఇంట్లోనే ఉంది. అక్క అనంతమ్మ నాలుగు రోజులుగా మంచం దిగలేదు. ఇగ ఇంటికి తీసుకుపొమ్మన్నారు దవాఖానలో. పొద్దున డ్యూటీకి బయలుదేరుతుంటే కళ్లు తెరిచింది.

"వాడు జేసిండా తమ్మీ?"

"జేస్తడక్కా."

"వాళ్లొస్తే చెప్పు. ఒక్క చాబే గుంజుకపోయిండ్రు, రెండోది మనదే. రెండు చాబీలు చేతికి రాంది బండి వాళ్లదెట్లయితది?"

రెండేళ్లుగా ఆమె అంటున్న మాటే అది. కారు వేలంలో అమ్ముడుపోయిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండో తాళంచెవి గోవర్ధనే పట్టుకుపోయి ఉంటాడని సోమయ్య అనుకున్నాడు. అయినా తల ఊపాడు. ఆమె కొంగు గుప్పిట్లో పట్టుకుని గోడవైపు తిరిగింది.

పదకొండింటికి ఫోను వణికింది. శిరీష. ఒంటిగంటకు వణికింది. ప్లాట్లు అమ్మేవాడు. రెండున్నరకు మళ్లీ శిరీష. నాలుగున్నరకు వచ్చింది మాత్రం తెలిసిన నంబరే, భార్య రేణుకమ్మది.

"ఇగ రావయ్యా," అంది. అంతే.

సోమయ్య వాల్వు గట్టిగా బిగించాడు. పైపు చుట్ట చుట్టి చెట్టు మొదట్లో పెట్టాడు. పెంటయ్యకు చెప్పి సైకిలెక్కాడు.

ఇల్లు చేరేసరికి అనంతమ్మను కిందికి దించి పడుకోబెట్టారు. తెల్లారే ఎత్తాలన్నారు పెద్దలు. "మరి కొడుకు?" అన్నారెవరో. అందరూ సోమయ్య తలగుడ్డ వైపు చూశారు. గోవర్ధన్ ఇదివరకు చేసిన మూడు నంబర్లు ఆయన గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకున్నాడు. మూడింటికీ చేశాడు. ఒకటి పనిచేయడం లేదు. ఒకటి ఎవరూ ఎత్తలేదు. మూడోది ఏదో చాయ్ హోటల్‌ది, ఆ పిల్లగాడు ఎప్పుడో వెళ్లిపోయాడన్నారు.

ఆరింటికి ఫోను వణికింది. తెలియని నంబరు. వాకిట్లో మాటలు ఆగాయి.

"హలో, గోవర్ధన్ గారున్నారా అండీ?"

సోమయ్య బిగబట్టిన ఊపిరి వదిలాడు. ఈసారి "లేడమ్మా" అనలేదు.

"ఒక పని వడ్డది బిడ్డా నీతోని."

"చెప్పండి."

"నాకంటే మీరే వాన్ని ఎక్కువ దేవులాడుతున్నరు. యాడన్న దొరికితే జర పైసలు తర్వాత అడుగుండ్రి. ముందుగాల వాళ్లమ్మ పోయిందని చెప్పుండ్రి."

శిరీష వెనకాల చాలా గొంతులు, అదే రాగంలో, ఎవరెవరి గురించో అడుగుతుండడం వినిపించింది.

"ఎప్పుడండీ?" అంది చివరికి. గొంతులో ఆ రాగం లేదు.

"గిప్పుడే. నాలుగు దాటినంక."

"ఆయన నంబరు మా దగ్గరా లేదండీ. ఉంటే మీకెందుకు చేస్తాం?"

"అదీ నిజమే."

"ఫైల్లో రాస్తానండీ. ఆయన మావాళ్లలో ఎవరికి దొరికినా, వాళ్లు ముందు అదే చూస్తారు."

"రాయి బిడ్డా. పొద్దుగాల పది దాక ఆపుతం అని గూడ రాయి."

"రాస్తున్నానండీ," అంది. టకటకమని మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

తెల్లారి స్నానం చేయించేటప్పుడు అనంతమ్మ కొంగు చివర ముడి ఎంతకీ రాలేదు. రేణుకమ్మ పళ్లతో లాగి విప్పింది. లోపల కారు తాళంచెవి ఉంది. ఆమె దాన్ని పసుపు చేత్తోనే తెచ్చి చూపించింది. సోమయ్య అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపలికి పోయి గోడ మేకుకు తగిలించి వచ్చాడు.

ఆ రోజు తొమ్మిదింటికి ఫోను రాలేదు. పదయింది. పదిన్నర దాకా ఆపారు. ఇంకా ఆపితే ఎండ ముదురుతుందన్నారు. నిప్పుకుండ సోమయ్యే పట్టుకోవలసి వచ్చింది. తలగుడ్డ విప్పి, ఫోను తీసి రేణుకమ్మ చేతిలో పెట్టాడు.

"తెల్వని నంబరైనా ఎత్తు," అన్నాడు.

డప్పులు గల్లీ మలుపు తిరిగేదాకా ఆమె గడపలో నిలబడింది, తర్వాత ఫోను ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుంది. ఆమె వెనక మేకుకు తాళంచెవి వేలాడుతున్నది. పసుపు అంటిన దాని ప్లాస్టిక్ బిళ్ల మీద కారు నంబరు ఒక్క అంకె కూడా చెరిగిపోలేదు.