చెయ్యెత్తిన చోట

కాడి ఎత్తగానే కర్రెద్దు ఎప్పటిలాగే పక్కకు జరిగింది. "నీకు రివర్సు తప్ప ముందుకు పొయ్యే గేరు లేదంట్రా?" అని గొణుగుతూ సిద్ధయ్య దాని మెడ నిమిరాడు. మైలెద్దు మాత్రం బుద్ధిగా వచ్చి కాడి కింద మెడ పెట్టింది. పలుపులు బిగించి, బండిలో వరిగడ్డి దట్టంగా పరిచి, పైన పాత దుప్పటి కప్పాడు. ఎక్కబోయేవాళ్ల కాళ్లకు చెక్క ఒరుసుకున్నా నొప్పి తెలియదు. తెలియదు గనుకే పుండు లోతుకు పోతుంది.

ఆ రోజు గురువారం. ఆత్మకూరు ఆసుపత్రి వెనక రేకుల కొట్టంలో కుష్ఠు చూసే పెద్దరోగం డాక్టరు కూర్చునే రోజు. మధ్యాహ్నమైతే ఆయన పెట్టె సర్దుకుని వెళ్లిపోతాడు. మళ్లీ వారం దాకా మాత్రలూ లేవు, కట్లు మార్చే దిక్కూ లేదు.

సిద్ధయ్య పొట్టి మనిషి. మోచేతుల దగ్గర చిరిగిన ఖాకీ చొక్కా ఇంకా వదల్లేదు. యుద్ధం రోజుల్లో బొగ్గుతో నడిచే బస్సు తోలి తోలి కనుబొమలు కాలిపోయాయి, మళ్లీ సరిగా మొలవలేదు. ఆ పొగ గుండెల్లో ఇంకా మిగిలే ఉన్నట్టు దగ్గుతాడు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా రోడ్డు మీద ప్రతి గుంతా ఎరిగినవాడు, ఎద్దుల్ని తోలడం మాత్రం యాభై దాటాక నేర్చుకున్నాడు. పల్లంలో బండి దిగుతుంటే ఇప్పటికీ కుడికాలు బ్రేకు కోసం పలకను తొక్కుతుంది.

ఉద్యోగం పోవడానికి పెద్ద కథేమీ లేదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, కొండ కింద గుడిసెల దగ్గర ఒక ఆడమనిషి బస్సుకు చెయ్యెత్తింది. పెద్దరోగం వచ్చిందని ఊళ్లలోంచి వెళ్లగొట్టినవాళ్ల గుడిసెలవి. అక్కడ ఏ బస్సూ ఆగేది కాదు. సిద్ధయ్య ఆపాడు. ఆమె పేరు దేవకమ్మ.

మర్నాడు బస్సు ఓనరు పిలిపించాడు.

"చెయ్యెత్తినోళ్లకి బండి ఆపడమే కదయ్యా నా పని," అన్నాడు సిద్ధయ్య.

"అదీ ఒక చెయ్యేనా? వేళ్లే లేవంట కదా!" అని ఓనరు నవ్వాడు.

సిద్ధయ్యకు నవ్వు రాలేదు. తర్వాతి గురువారం మళ్లీ ఆపాడు. ఆ పై వారం, అతని దగ్గర క్లీనరుగా పనిచేసిన మస్తాన్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. సిద్ధయ్య బావమరిది దగ్గర బండీ ఎద్దులూ అడిగి తెచ్చుకున్నాడు. ఊరివాళ్ల మాటలు పడలేక భార్య వరదమ్మ చేజర్లలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. పోతూ పోతూ, "వాళ్లు నీకేమన్నా చుట్టాలా?" అని ఏడ్చింది. "బండి ఖాళీగా ఉండాది కదమే," అన్నాడు.

దేవకమ్మ, మరో నలుగురు బండెక్కేసరికి తెల్లవారింది. దారిలో బస్సు హారను కొట్టుకుంటూ దాటిపోయి, వాళ్ల మీద దుమ్ము పోసింది. పొద్దు బాగా ఎక్కాక వాగు దగ్గర మళ్లీ కనిపించింది. వెనక చక్రాలు ఇరుసు దాకా ఇసుకలో కూరుకుపోయాయి. జనం దిగి ఒడ్డున నిలబడ్డారు. చేతులతో ఇసుక తోడుతున్న మస్తాన్ పరుగెత్తుకొచ్చాడు.

"దేవుడల్లే వచ్చినావన్నా! ఎద్దుల్ని కట్టి లాగించు."

సిద్ధయ్య పొద్దువైపు చూశాడు. ఇక్కడ ఆగితే వీళ్లకు డాక్టరు అందడు.

"లాగిస్తా. అయితే మావోళ్లు బస్సెక్కాల."

వాయిదా కోసం కోర్టుకు పోతున్న జనార్దనయ్య గొడుగు నేలకు పొడిచాడు. "ఏందిరా? వాళ్ల పక్కన కూర్చోని మేం రావాల్నా?"

"బలవంతమేం లేదయ్యా. ఈడే నీడన కూర్చోండి. మా చక్రాలు తిరగతా ఉండాయి. ఇసకలో ఉండేది మీ చక్రాలే." సిద్ధయ్య పగ్గాలు కదిలించాడు.

"అన్నా, ఓనరు నన్ను తీసేస్తాడు," అన్నాడు మస్తాన్, గొంతు తగ్గించి.

"తీసేస్తే నా దగ్గరికి రా. కర్రెద్దుని నువ్వు తోలుదువు గాని."

జ్వరంతో మూలుగుతున్న బిడ్డను చంకనేసుకున్న ఒక తల్లి ముందుకు వచ్చింది. "ఎక్కనీండయ్యా. బిడ్డ ఒళ్లు కాలిపోతా ఉండాది. నా పక్కన ఎవురు కూర్చుంటే ఏంది?"

"ముందు వాళ్లు ఎక్కాల. ఆ తర్వాతే మోకు కడతా," అన్నాడు సిద్ధయ్య.

దేవకమ్మ మోచేతులు ఆనించి, మెట్టు మీద మోకాళ్లు మోపి ఎక్కింది. "ఎనక బల్లకి పో," అని జనార్దనయ్య అరిచాడు. ఆమె ముందు బల్ల మీదే కూర్చుంది.

"ఎనక కుదుపులెక్కువ. నా పుండు పగుల్తాది," అంది.

ఎద్దులు ముందు నుంచి లాగాయి, జనమంతా వెనక నుంచి నెట్టారు. సిద్ధయ్య భుజం ఆనించి, నరాలు తేలేలా తోశాడు. బస్సు ఊగి, మూలిగి, గట్టెక్కింది. లోపల కూర్చోవడం ఇష్టంలేక జనార్దనయ్య ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ పోయాడు. సిద్ధయ్య అది చూసి, దగ్గుతూనే పగలబడి నవ్వాడు. దగ్గు మాత్రం ఎంతకీ ఆగలేదు. కాసేపు ఇసుకలో కూర్చుని, బండిని వెనక్కి గుడిసెల దారి పట్టించాడు.

వాళ్లు సాయంత్రం బస్సులోనే తిరిగొచ్చారు. మస్తాన్ గుడిసెల దగ్గర ఆపాడు. రోడ్డు వారన బండి ఉంది. ఎద్దుల్ని విప్పి, గడ్డి వేసి, సిద్ధయ్య దుప్పటి మీద పడుకుని ఉన్నాడు.

"సిద్ధయ్యా, డాక్టరు నీకు దగ్గుమందు ఇచ్చినాడు. లెయ్యి," అని దేవకమ్మ పిలిచింది. రెండోసారి పిలిచి, దగ్గరికి వచ్చి చూసింది. మూడోసారి పిలవలేదు. మొండి చేత్తోనే అతని కళ్లు మూసింది.

ఊరివాళ్లు పాడె మోయడానికి రాలేదు. మస్తాన్ ఒక కొమ్ము పట్టాడు, మిగతావి గుడిసెలవాళ్లు పట్టారు.

బావమరిది వచ్చి ఎద్దుల్ని తోలుకుపోయాడు. వాళ్లు కూర్చున్న బండి తనకు వద్దన్నాడు. కొన్నాళ్లు మస్తాన్ గురువారాలు బస్సు ఆపాడు. సంగతి తెలిసి ఓనరు వేరే డ్రైవరును పంపాడు. ఆ డ్రైవరు మొదటి వారం చెయ్యెత్తినా ఆగకుండా పోయాడు. రెండో వారం బస్సు హారను దూరాన వినిపించగానే, గుడిసెల్లో నడవగలిగిన వాళ్లంతా కలిసి బండిని నడిరోడ్డుకు అడ్డంగా తోశారు. దేవకమ్మ దాని మీదెక్కి కూర్చుంది. డ్రైవరు తిట్టాడు, హారను కొట్టాడు, చివరికి తలుపు తీశాడు.

ఆ తర్వాత బండిని మళ్లీ రోడ్డు వారనే ఉంచారు. ఎద్దులు లేవు, గడ్డి లేదు. ఎద్దుల్ని కట్టే నొగ రోడ్డువైపు తిప్పి ఉంటుంది. బండి కదలకుండా చక్రాల కింద మాత్రం ఎవరూ రాళ్లు పెట్టలేదు.