మబ్రూకా పరుపు

మబ్రూకా పోయిన ముప్పై మూడో రోజు పొద్దున్నే ఆమె కూతురు ముఫీదా, కొడుకు లుత్ఫీ ట్యునీషియాలోని కైరువాన్‌లో, రాజధాని ట్యూనిస్ వెళ్ళే వ్యాన్ ఎక్కారు. తల్లి పరుపు వెనక్కి తెచ్చుకోవాలి. ఇంకా వారం రోజులే గడువు.

వాళ్ళింటి ఆడవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. తల్లి పోతే నలభయ్యో రోజు లోపల ఆమె పరుపు విప్పి, ఉన్ని కడిగి ఎండబెట్టి, పిల్లల పరుపుల్లో తలా కాస్త కలుపుతారు. మబ్రూకా పరుపులో ఆమె తల్లి ఉన్ని ఉంది. ఆ తల్లి పరుపులో ఇంకో తల్లిది. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు గానీ ఎవరూ మానలేదు.

ఆడవాళ్ళ పని కదా అని లుత్ఫీకి ఎవరూ చెప్పలేదు. పోయిన వారం మైకు పెట్టుకున్న లారీ ఒకటి వీధిలోకి వచ్చింది. పాత ఉన్ని పరుపులు ఇవ్వండి, రాజధానిలో పెద్ద కళాప్రదర్శన పెడుతున్నాం, మీ అమ్మల పేర్లు గోడమీద రాస్తాం అని చెప్పింది. తల్లి పేరు గోడమీద ఉంటుందని అతను పరుపును తనే భుజాన మోసుకెళ్ళి ఇచ్చేశాడు.

"అక్కా, నాలుగు తిట్లు తిట్టవే. నువ్విలా కూర్చుంటే నాకు భయమేస్తోంది," అన్నాడు వ్యాన్‌లో.

"తిట్టడానికేముందిరా."

"దూజా పిన్ని ఫోన్లో గంటసేపు తిట్టింది."

"ఆవిడకి ఓపికుంది."

ఆ పిన్నే మూడో రోజున నలుగురిలో, ముఫీదాకి వినపడేలా అంది, "దీని కంట్లోంచి చుక్క రాలలేదు చూశారా, రాతిబొమ్మలా ఉంది" అని. ముఫీదాకి కోపం రాలేదు. ఉన్న మాటే అంది కదా అనుకుని, వచ్చినవాళ్ళకి కాఫీ పోసింది. ఉన్ని చేతిలోకి వస్తే, నీళ్ళలో ముంచి పిండుతుంటే, ఏదో ఒకటి అవుతుందని మాత్రం మనసులో పెట్టుకుంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ప్రదర్శన జరుగుతున్నది రేవు దగ్గర, ఒకప్పుడు ఓడల్లోంచి ధాన్యం దింపిన హాల్లో. కప్పు ఎంత ఎత్తంటే, లోపలికి రాగానే లుత్ఫీ టోపీ పట్టుకుని పైకి చూశాడు. పైనుంచి తాళ్ళకి వందలకొద్దీ పరుపులు వేలాడుతున్నాయి. చారలవి, పువ్వులవి, వెలిసిపోయినవి. ముఫీదా వాటి కింద నడుస్తూ మూలలు చూసుకుంటూ పోయింది.

మూల చూస్తే చాలు, తెలిసిపోతుంది. ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు, ఎండాకాలం ఉన్ని కడిగి మళ్ళీ పరుపు కుడుతుంటే తెల్లదారం అయిపోయింది. ఆమె ఎర్రదారంతో మూల కుట్టేసింది, వంకరగా. తల్లి విప్పలేదు. "ఇకనుంచి ఆ మూల నీదే," అంది. ఏటా ఆ మూల కూతురికే వదిలేది.

నీలం చారల గుడ్డ మీద ఎర్రకుట్టు కనిపించింది. ముఫీదా చెయ్యెత్తి పట్టుకుంది. గుడ్డ చేతిలో ముడుచుకుపోయింది. లోపల ఏమీ లేదు.

"అమ్మా, ముట్టుకోకూడదు," అంటూ కాపలా ఉన్నావిడ వచ్చింది. పేరు హెందా అని మెడలో కార్డు మీద ఉంది.

"ఇది మా అమ్మది. ఇందులో ఉన్ని ఏది?"

హెందా హాలు మధ్యకి చెయ్యి చూపించింది. అక్కడ తెల్లగా, ఇంటంత ఎత్తున ఉన్ని గుట్ట ఉంది. జనం చెప్పులు విప్పి దానిమీద నడుస్తున్నారు, కూర్చుని ఫోటోలు తీసుకుంటున్నారు.

"అన్నీ విప్పేసి కలిపేశారమ్మా. కళాకారిణి ఉద్దేశం అదే. మీకు చెప్పలేదా?"

లుత్ఫీ టోపీ తీసేశాడు. "పేరు రాస్తామన్నారు. అంతే చెప్పారు."

"పేరు రాశారు. అదిగో గోడ."

"మా అమ్మ ఉంటే ఆ గోడకేసి నన్నే బాదేది," అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాడు.

హెందా గొంతు తగ్గించింది. "గుడ్డ కావాలంటే ప్రదర్శన అయ్యాక ఇప్పిస్తాను. ఉన్ని మాత్రం... ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి."

ముఫీదా సరేనంది. గుండెలో ఏమన్నా కదులుతుందేమోనని చూసుకుంది. కాళ్ళు నొప్పెడుతున్నాయి, అంతే. చెప్పులు విప్పి గుట్ట అంచున కూర్చుంది. ఉన్నిని సరిగా ఏకలేదు. కడిగి, ముద్దలు ముద్దలుగానే పోశారు. ఒక ముద్ద ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళతో విడదీసి, పొరలు పొరలుగా లాగి పక్కన పెట్టింది. తర్వాత ఇంకోటి. ఆలోచించి చేసింది కాదు.

"అమ్మా, లేవండి, మా పైవాళ్ళు చూస్తే..." అంది హెందా. అప్పటికే ఇద్దరు ముగ్గురు ఫోన్లెత్తి ముఫీదాని ఫోటో తీస్తున్నారు. ఒకతను పెళ్ళాంతో, "ఈవిడ కూడా ప్రదర్శనలో భాగమే," అన్నాడు. హెందా అటూ ఇటూ చూసి వెనక్కి తగ్గింది.

లుత్ఫీ పక్కన వచ్చి కూలబడ్డాడు. "నాకూ చూపించవే."

"ఇలా పట్టుకో. గుంజకు, తెగిపోతుంది. వదులుచెయ్."

వాడి చేతులు మొరటువి. అయినా ఆమె తమ్ముణ్ణి చెయ్యనిచ్చింది. ఇద్దరి మధ్యా పొరలు పేరుకున్నాయి. ఎంతసేపైందో తెలియదు. ఒక ముద్ద విడదీస్తుండగా ముఫీదా చెయ్యి ఆగింది. బొటనవేలి కొసన చిన్న ఎర్రచుక్క. దాన్నే చూస్తూ కూర్చుంది. నొప్పి కాస్త ఆలస్యంగా వచ్చింది.

ఉన్ని వేళ్ళతో తడిమి పల్లేరుకాయ ఒకటి బయటికి తీసింది.

"ఇది అమ్మది కాదురా," అంది. "అమ్మ ఉన్నిలో ముల్లు ఉండదు. మనం నిద్రపోయాక కూడా ఒక్కొక్కటే ఏరేది."

చివరి మాట సరిగా పలకలేదు. లుత్ఫీ తలెత్తి చూశాడు.

ఆమె పల్లేరుకాయని పైన కప్పుకున్న గుడ్డ కొసలో ముడేసుకుంది. ఆ ముద్దని, ఎవరి తల్లిదో దాన్ని, మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని ఇంకో ముల్లు ఉందేమోనని వెతకసాగింది.