పదమూడో ప్రశ్న

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. అంతరిక్ష కేంద్రంలో మాత్రం డైరెక్టరు దగ్గర్నుంచి కాఫీ మెషిన్ తుడిచే మనిషి దాకా అందరికీ ఆయన ‘ఎందుకుగారు’. పద్దెనిమిదేళ్లు పరీక్షల విభాగంలో పనిచేశాడు. ఉపగ్రహాన్ని కుదిపి, వేడెక్కించి, గడ్డకట్టించి, అది బతికి బయటపడితేనే పైకి పంపే చోటు అది. అక్కడ ప్రతి సమావేశంలోనూ అందరూ సరే అనుకుని కాగితాలు సర్దుకునే వేళకి వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచేది. "ఎందుకు?" అనేవాడు. అంతే, ఇంకో గంట గోవిందా.

మరి అలాంటి మనిషిని ఏం చేస్తారు చెప్పండి? తిడితే బాగుండదు. తీసేద్దామంటే రూల్సు ఒప్పుకోవు. డైరెక్టరు బాగా ఆలోచించి ఆయన్ని ప్రజల్లో సైన్సు మీద ఆసక్తి పెంచే విభాగానికి మార్చేశాడు. "ప్రశ్నలంటే మీకు ప్రాణం కదా, ఇక పొద్దస్తమానం ప్రశ్నలే" అని భుజం కూడా తట్టాడు. ఆ విభాగమంటే ఒక గది, రెండు బల్లలు, ముక్కు విరిగిన ప్లాస్టిక్ రాకెట్టు, గోడ మీద ఇంతేసి అక్షరాలతో ‘కుతూహలమే మా ఇంధనం’ అని ఒక బోర్డు.

అక్కడి పద్ధతి వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఏడాదికోసారి సందర్శకుల రోజు. బయటివాళ్లు వస్తారు, ప్రశ్నలు అడుగుతారు, డైరెక్టరు వేదిక మీంచి జవాబులు చెబుతాడు. ఆ ప్రశ్నలు మాత్రం పదిరోజుల ముందే ఎందుకుగారు రాయాలి. వాటి మీద మూడు సంతకాలు పడాలి. పన్నెండు చీటీల మీద అచ్చు వేయించి పన్నెండుమంది సందర్శకులకు పంచాలి. చీటీ అడుగున ‘ఆసక్తిగా అడగవలెను’ అని సూచన కూడా ఉంటుంది. పన్నెండోది అయ్యాక డైరెక్టరు "ఇంకెవరైనా ఏమైనా అడుగుతారా?" అని మూడు సెకన్లు ఆగుతాడు. ఆ మూడు సెకన్లు కూడా కార్యక్రమ పత్రంలో రాసే ఉంటాయి. ఎందుకుగారు వచ్చిన నాలుగేళ్లలో ఆ మూడు సెకన్లలో ఎవరూ తుమ్మను కూడా తుమ్మలేదు.

ఈ ఏడు సందర్శకుల రోజుకి వారం ముందు డైరెక్టరు ఆయన్ని తన గదికి పిలిచి, టైపు చేసిన ఉత్తర్వు ఒకటి చూపించాడు. మళ్లీ పరీక్షల విభాగానికి బదిలీ. సంతకం ఒక్కటే తక్కువ.

"మీరు మారారండీ. నాలుగేళ్లుగా ఎక్కడా నోరు జారలేదు. ఆ రోజు కాస్తా సాఫీగా నడిపించేయండి, సాయంత్రం సంతకం పెట్టేస్తాను. పన్నెండే ప్రశ్నలు. పదమూడోది నా చెవిన పడకూడదు."

ఎందుకుగారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. తన పాత బల్ల, కుదుపు యంత్రం చేసే గుర్రుగుర్రు, అక్కడి నూనె వాసన, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి పాపం. ఆ రోజు మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

ఇంటికొస్తే అత్తగారు. ఆవిడ ఆయనతోనే ఉంటుంది. ముందుగదిలో లావు సూది కుట్టుమిషను పెట్టుకుని సోఫాలకీ, మోటారు సైకిళ్లకీ, బస్సు సీట్లకీ రెక్సిన్ కవర్లు కుడుతుంది. ముప్ఫై ఐదేళ్ల అనుభవం. చెయ్యి ఎంత ఆడుతుందో నోరూ అంతే ఆడుతుంది, అదీ ప్రశ్నలతోనే. "బాబూ, పైన అంత చలి అంటారు కదా, మరి లోపలి తీగలు పెళుసెక్కి విరగవా?" "బాబూ, అక్కడ మరలు బిగించడానికి ఎవరూ ఉండరు కదా, వదులైతే ఎలా?" ఊరందరికీ ఆసక్తి పంచే ఎందుకుగారు ఇంట్లో మాత్రం, "అత్తయ్యా, భోంచెయ్యనిస్తారా?" అని విసుక్కునేవాడు. ఇంతకన్నా విడ్డూరం ఉంటుందా?

"మా అమ్మ రెండేళ్లుగా అడుగుతోంది, ఈసారైనా తీసుకెళ్లండి" అంది భార్య.

"అమ్మో! ఆవిడ నోరు తెరిస్తే నా పని ఖాళీ."

"తెరవనులే బాబూ" అంది అత్తగారు, దారం పళ్లతో తెంపుతూ. "ఒట్టు. ఒక్క ప్రశ్న అడిగితే నన్ను గేటు బయటే వదిలేసి రండి."

అలా కుటుంబ పాసు మీద అత్తగారు సందర్శకుల రోజుకు వచ్చింది. ఇస్త్రీ చీర, మెడలో తాడుకి వేలాడే కళ్లజోడు, నోటికి తాళం.

హాలు నిండిపోయింది. అద్దాల గోడకు అవతల తయారైన ఉపగ్రహం ఎండా చలీ తగలకుండా వెండి రంగు రేకు దుప్పట్లు చుట్టుకుని నిలబడి ఉంది. పక్కనే దాన్ని పెట్టే పెద్ద పెట్టె. నాలుగింటికి డైరెక్టరు చేతుల మీదుగా పెట్టెకు సీలు వేసి, జనం చప్పట్ల మధ్య లారీ ఎక్కించాలి. ఆ సీలు మళ్లీ ప్రయోగం జరిగే చోటే విప్పుతారు, అదీ రాకెట్టు మీద బిగించడానికే.

మొదట బహుమతులు. నాణ్యత అధికారికి ఆ ఏటి షీల్డు. దుప్పట్ల కోసం వచ్చిన రేకు చుట్టలో సన్నటి చిల్లులున్నాయని కనిపెట్టి, మొత్తం చుట్టనే వెనక్కి పంపి, ఒక్క చిల్లు కూడా లేని సరుకు తెప్పించాడట. తనిఖీ పట్టికలో ఏడో వరస ‘చిల్లులు, చిరుగులు లేవు’ అని ఉంటుంది మరి. చప్పట్లు మోగాయి. ఎందుకుగారు కూడా కొట్టాడు. ఆయన ధ్యాసంతా చీటీల మీదే ఉంది.

తర్వాత చీటీలవాళ్లు ఒక్కొక్కరే లేచి ఆసక్తిగా అడగసాగారు. ఒకాయన చీటీ తిరగేసి పట్టుకుని నీళ్లు నమిలాడు గానీ గండం గడిచింది. ఆరు, ఏడు, ఎనిమిది. హాలు చివర ఒక బల్ల దగ్గర ఆ దుప్పట్లు కుట్టే అమ్మాయి సందర్శకులకు వాటి ముక్కలు చూపిస్తోంది. అత్తగారు అక్కడ ఆగిపోయింది. ముక్కను వేళ్ల మధ్య నలిపింది. పొరలు లెక్కపెట్టింది. అంచు చుట్టూ వేసిన టేపును గోటితో తడిమింది. కళ్లజోడు పెట్టుకుంది. కిటికీ వెలుగులో ఎత్తి చూసింది.  ఎందుకుగారు గబగబా వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"అత్తయ్యా, ఒట్టు పెట్టుకున్నారు."

"పెట్టుకున్నాను కాబట్టే నేను అడగను" అంది ఆవిడ చెవిలో. "మీరే అడగండి. దీన్లో గాలి ఎటు పోతుందో."

"ఏ గాలి?"

"ఈ పొరల మధ్య ఉన్న గాలి. రెక్సిన్ సీటుకి అడుగున నేను కన్నాలు వదుల్తానా? అవి లేకపోతే లావుపాటి మనిషి కూర్చున్నాడంటే కుట్టు ఫట్‌మంటుంది. ఇది పైకి పోయేకొద్దీ బయట గాలి ఉండదంటారు కదా. అప్పుడు లోపలిది ఉబ్బదూ?"

ఎందుకుగారికి నవ్వొచ్చింది. పోనీలే, దీనికి జవాబు తెలుసు. "రేకు నిండా సూదిమొన అంత చిల్లులుంటాయి అత్తయ్యా. గాలి వాటిలోంచి పోతుంది."

"ఏవీ?"

ఆయన ముక్కను వెలుగులో పెట్టి చూశాడు. తిప్పి చూశాడు. అత్తగారి కళ్లజోడు అడిగి పెట్టుకుని మరీ చూశాడు. ఒక్క చిల్లు లేదు. వేదిక మీద మెరుస్తున్న షీల్డు కేసి చూశాడు. 

"అమ్మాయ్, ఈ ముక్క ఏ చుట్టలోదమ్మా?"

"కొత్త చుట్టలోదేనండి. పరీక్షలన్నీ అయ్యాక దానికి చుట్టింది కూడా ఇదే" అంది కుట్టే అమ్మాయి అద్దాల గోడవైపు చూపిస్తూ.

కొంప మునిగింది. రాకెట్టు లేచిన రెండు నిమిషాలకల్లా దుప్పట్లు బూరెల్లా ఉబ్బి చిరిగి పీలికలైపోతాయి. అటుపైన ఎండకు ఒక పక్క మాడి, నీడకు ఒక పక్క బిగుసుకుని ఉపగ్రహం చస్తుంది. రెండువందలమంది ఐదేళ్ల కష్టం. గడియారం చూశాడు. నాలుగుకి పది నిమిషాలు తక్కువ. సీలు పడ్డాక చెబితే ఎవరు వింటారు? ఇప్పుడు చెబితే వేదిక మీద, అందరి ముందు, నాలుగేళ్ల మంచి పేరూ, టైపు చేసిన ఆ కాగితమూ గంగలో కలుస్తాయి.  నేనే ఎందుకు అడగాలి? ఇక్కడ ఇంతమంది ఇంజనీర్లున్నారు కదా? అనుకున్నాడు. అనుకుని, అందులో ‘ఎందుకు’ వినబడి తన మీద తనకే ఒళ్లు మండింది.

పన్నెండో ప్రశ్న అయిపోయింది. డైరెక్టరు చిరునవ్వుతో హాలంతా కలియజూశాడు. "ఇంకెవరైనా ఏమైనా అడుగుతారా?"

ఒక సెకను. రెండు సెకన్లు. వెనక నుంచి ఒక చెయ్యి లేచింది.

"దుప్పటి లోపలి గాలి ఎటు పోతుందండీ?"

డైరెక్టరు మొహంలో నెత్తురుచుక్క లేదు. అయినా గడుసు మనిషి, తేరుకున్నాడు. "చూశారా, మా సిబ్బందికి కూడా ఎంత కుతూహలమో! చిల్లుల్లోంచి పోతుందండీ."

"చిల్లులు లేవండీ."

"అవునండీ, ఒక్కటి కూడా లేదు!" అన్నాడు నాణ్యత అధికారి షీల్డు గుండెలకు హత్తుకుని. "నేనే దగ్గరుండి చూశాను."

హాల్లో సందర్శకులు చప్పట్లు కొట్టారు. ముందు వరసల్లో ఇంజనీర్లు మాత్రం కొట్టలేదు. వాళ్లలో ఒకరు మెల్లగా లేచి నిలబడ్డారు. తర్వాత ఇంకొకరు. తర్వాత ఆ వరసంతా లేచి అద్దాల గోడ దగ్గరికి పరుగు తీసింది.

ఆ రోజు లారీ ఖాళీగా వెళ్లిపోయింది. దుప్పట్లన్నీ విప్పి, మళ్లీ చిల్లుల రేకు తెప్పించి కుట్టి చుట్టేసరికి ఐదు వారాలు పట్టింది. ఉపగ్రహం పైకి వెళ్లి నిక్షేపంగా పనిచేస్తోంది. విచారణ నివేదికలో ‘కేంద్రంలోని పటిష్ఠమైన సమీక్షా విధానం వల్ల లోపం సకాలంలో బయటపడింది’ అని రాశారు. అత్తగారి ఊసు లేదు, అల్లుడి ఊసూ లేదు. తనిఖీ పట్టికలో ఏడో వరస దిద్దారు. షీల్డు వెనక్కి తీసుకునే పద్ధతి లేదు కాబట్టి అది నాణ్యత అధికారి బల్ల మీదే ఉంది.

ఉత్తర్వు మాటేమిటని ఎందుకుగారు అడిగితే డైరెక్టరు చేతులు పట్టుకున్నాడు. "మీలాంటివాళ్లు ఆ విభాగంలో ఉండబట్టే కదండీ ఇంత మేలు జరిగింది! మిమ్మల్ని అక్కణ్నించి ఎలా కదపను? వచ్చే ఏడు చూద్దాం."

ఆ మాట ఇంట్లో చెబితే భార్య కళ్లు తుడుచుకుంది. అత్తగారు మిషను ఆపి, "మేలు చేస్తే అక్కడే ఉంచడమేంటి బాబూ?" అంది.  ఎందుకుగారు ఈసారి విసుక్కోలేదు. ఆవిడ పక్కనే ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. అది మొదలు ఆవిడ ప్రశ్నలన్నీ చెవి ఒగ్గి వినడం అలవాటు చేసుకున్నాడు.

ఏడాది తిరిగింది. కొత్త జాబితా పైనుంచే వచ్చింది. ఒకటో ప్రశ్న ‘దుప్పటి లోపలి గాలి ఎటు పోతుంది?’ మూడు సంతకాలూ పడ్డాయి. దాన్ని అడగడానికి ప్రత్యేక అతిథిగా అత్తగారినే పిలిచారు. డైరెక్టరు ఫైల్లో ఉత్తర్వు మళ్లీ టైపయి ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. "ఈసారి మాత్రం సాఫీగా" అన్నాడు పొద్దున్నే.

కెమెరాలు తిరిగాయి. ఎందుకుగారు మైకు అత్తగారికి అందించాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చీటీ చదువుకుంది. వెనక్కి తిప్పి చూసింది. మళ్లీ మడిచి ఆయన చేతిలో పెట్టింది.

"దీని జవాబు నాకు తెలుసు కదా బాబూ. తెలిసింది ఎవరైనా అడుగుతారా?" మైకులోంచి హాలంతా వినబడింది. "తెలియంది ఒకటుంది. అడగనా?"

డైరెక్టరు ముందు వరసలోంచి తల అడ్డంగా ఊపుతున్నాడు. ఒళ్లో ఫైలు, ఫైలు మీద పెన్ను. ఎందుకుగారు ఆ పెన్ను కేసి ఒక్క క్షణం చూశాడు.

"అడగండి అత్తయ్యా" అన్నాడు.