కురచ రెక్కల మిడతల ఇల్లు

ఆ ఆఫీసులో పొద్దున్నే మొదటి పని మిడతల్ని సరిచేయడం. గుండుసూదులకు గుచ్చి, గాజు మూత పెట్టెల్లో అమర్చినా సరే, తెల్లారేసరికి అవి తాము పుట్టిన మట్టి వైపు తిరిగిపోతాయి. "మళ్ళీ తిరిగాయి వెధవలు," అని అటెండరు విసుక్కుంటాడు. పురుగులమ్మ పట్టకారు పుచ్చుకుని ఒక్కొక్కదాన్నీ వరసలోకి తెస్తుంది. జాతులు తేల్చే ఉద్యోగం కదా, ఆమెకు ఆ పేరే స్థిరపడింది.

ఆ రోజు మాత్రం ఆమెకు ఇంకో తలనొప్పి వచ్చిపడింది. ఏ మిడత ఎక్కడ దొరికిందో రాసిన చీటీలు మాసిపోయాయని, నిన్న అన్నీ సూదుల నుంచి తీసి, తిరగరాద్దామని బల్ల మీద పరిచింది. అటెండరు ఫ్యాన్ వేశాడు. ఇంకేముంది! ఏ చీటీ దేనిదో ఆ పైవాడికే ఎరుక.

కురచ రెక్కల మిడత జాతి తేలింది. నల్లని మోకాళ్ళు, మెడ పక్కన నల్లచార. పాపం, ఎగరలేదు. చెట్ల సందున ఎండపడే చోట, రాలిన ఆకుల్లో గెంతుతూ బతుకుతుంది. కానీ ముందడవిదా, వెనకడవిదా? రెండూ ఒకే దిక్కున ఉన్నాయాయె! ఈ అరుదైన మిడత ఉండే అడవి మీద గొడ్డలి పడకూడదని రూలు. మూడింటిలోగా ముందడవిదని తేలకపోతే రేపు ఆ అడవిని నరికేస్తారు. అక్కడ పాతికేళ్ళుగా కాపలా కాస్తున్నది ఆమె మేనమామే.

"ఏం తేల్చావే?" అంటూ మామయ్య వచ్చి పచార్లు మొదలుపెట్టాడు.

"కూర్చో మామయ్యా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"నాకు కాళ్ళు ఆగడం లేదు. ముందడవి అని రాసి పారేద్దూ!"

"తెలియకుండా రాయను."

"అచ్చం మీ అమ్మే. మొండిఘటం!"

అటెండరు పెట్టె మీదికి వంగాడు. "అమ్మా, ఈయన ఎటు నడిస్తే ఇవి అటే తిరుగుతున్నాయి."

నిజమే. కురచ రెక్కలవి పన్నెండూ తిరుగుతున్నాయి. మిగతావి కదలడం లేదు.

"ఎటు నుంచి వచ్చావు మామయ్యా?"

"మా అడవిలోంచే. వెనకడవిలో అడుగుపెట్టి ఏళ్ళయింది. అక్కడి కాపలావాడికీ నాకూ పడదు."

"చెప్పులు విప్పు."

మట్టి అంటిన ఆ చెప్పుల్ని అటెండరు గుమ్మం బయట పెట్టాడు. మామయ్య కిటికీ దగ్గరికి నడిచాడు. మిడతలు గుమ్మం వైపే చూస్తున్నాయి.

"అయితే నేనేమీ కానా వీటికి?" అని చిన్నబుచ్చుకున్నాడు మామయ్య.

అంత చిన్న ప్రాణికీ తన చోటు గుర్తుండేలా చేసిన ఆ స్వామికి, వింటున్న మనమంతా ఓ దణ్ణం పెట్టుకోవాలి.

'నివాసం: ముందడవి' అని రాసిందామె. మూడింటికి వచ్చిన అడవుల ఆఫీసరు అది చదివాడు, పెట్టె వైపు ఓసారి చూశాడు, నరకాల్సిన అడవుల జాబితాలో ఒక పేరు కొట్టేశాడు.

"అయితే సార్, రేపు నేను... డ్యూటీకి వెళ్ళొచ్చా?" అంటూ మామయ్య గుమ్మం వైపు అడుగేశాడు.

"వెళ్ళకపోతే సెలవు చీటీ రాయాలి," అన్నాడు ఆఫీసరు, తల ఎత్తకుండానే.