కళ్లు తిప్పే కణాలు

మా బావ ఇరవై రెండేళ్లు ఒక పరిశోధనశాలలో టెక్నీషియన్‌గా పనిచేశాడు. చనిపోయినవాళ్ల మెదడునూ వెన్నుపామునూ ఉల్లిపొర కంటే పల్చగా కోసి, రంగు పట్టించి, గాజుపలకల మీద పరచడం ఆయన పని. ఆ పలకలతోనే పెద్దాయన పేరు తెచ్చుకున్నాడు. పెద్దాయనంటే ఆ ల్యాబ్ అధిపతి. అచ్చయిన వ్యాసంలో ఆరుగురి పేర్లున్నాయి, బావది లేదు.

"చివర్లో సిబ్బందికి కృతజ్ఞతలన్నాడుగా, ఆ సిబ్బందిని నేనే" అని నవ్వేశాడు బావ.

యాభయ్యో ఏట ఆయన చేతిలోంచి బ్లేడు జారడం మొదలైంది. డాక్టరు చెప్పకముందే అదేం జబ్బో ఆయనకు తెలుసు. కండరాలను ఆడించే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు. అన్నేళ్లూ ఆయన కోసింది ఆ జబ్బుతో పోయినవాళ్లనే.

అక్క ఏడుస్తుంటే పక్కన కూర్చోబెట్టుకుని విడమరిచి చెప్పాడు. "కణంలో క్యాల్షియం మోతాదు మించితే అది చస్తుంది. కొన్నిట్లో ఆ క్యాల్షియాన్ని పట్టి ఉంచే ప్రొటీన్ ఉంటుంది. కళ్లు తిప్పే కణాల్లో దండిగా ఉంటుంది, కాళ్లూ చేతులూ ఆడించే వాటిల్లో ఉండీ లేనట్టే. అందుకే అన్నీ పడిపోయినా నా కళ్లు ఆడతాయి. నీతో పోట్లాడ్డానికి అవి చాలు."

"అంత కచ్చితమా బావా?" అన్నాను.

"పెద్దాయన అలా రాశాడు. ప్రొటీన్ ఉండి కూడా చచ్చిన కణాల్ని నేను చూపించాను. ఆ పలకలు పక్కన పెట్టెయ్యమన్నాడు."

రెండేళ్లకు చేతులు పోయాయి, మాట పోయింది. కళ్లు మిగిలాయి. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు.

అప్పుడొచ్చాడు పెద్దాయన. మంచం వైపు చూడకుండా అక్కతోనే మాట్లాడాడు. "పోయాక శరీరం మాకిస్తే పరిశోధనకి చాలా ఉపయోగమమ్మా. సంతకం ఇప్పుడే పెట్టేస్తే మంచిది."

అక్క మంచం వైపు తిరిగింది. "ఏమండీ, ఇమ్మంటారా?"

బావ కళ్లు కిందికి దిగాయి. మళ్లీ అడిగింది. మళ్లీ కిందికే.

"ఈ దశలో ఆయనకి అర్థమవుతోందనుకోను" అన్నాడు పెద్దాయన.

"కళ్లు చెడవని రాసింది మీరే కదండీ?" అంది అక్క.

ఆయన కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు.

బావ ఆ వర్షాకాలంలో పోయాడు. ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. నెల తర్వాత ఆయన బట్టలు మడతపెడుతూ అక్క అంది, "ఆ పెద్దమనిషికి కుదరదని చెప్పినప్పుడు నా కడుపు చల్లబడిందిరా. కానీ ఇదే జబ్బుతో ఇంకెవరింట్లోనో ఎవరో మంచాన పడుంటారు కదా. వాళ్లకి పనికొచ్చేదేమో?"

మిగిలిన చొక్కాలు నా ముందుకు లాక్కున్నాను.