పరదా దాటిన మాట

ఉతికిన దుప్పట్ల బకెట్ ఎత్తబోయి ఆమె ఆగింది. మోకాళ్లు మడిచి, బకెట్‌ను ఒంటికి దగ్గరగా లాక్కుని, అప్పుడు లేచింది. గుమ్మంలోంచి చూస్తున్న అత్తగారు, "బకెట్ ఎత్తడానికి కూడా పాఠాలు నేర్చుకొచ్చింది మా కోడలు" అంది. ఆమెకు కోపం రాలేదు. ఏళ్ల తరబడి నడుంలో పాతుకుపోయిన నొప్పి ఈమధ్యే కాస్త సడలింది. ఆ పాఠాలు చెప్పిన ఫిజియోథెరపీ డాక్టరమ్మ అంటే ఆమెకు గురి.

డాక్టరమ్మ నడుముకు కాపడం పెట్టి, వ్యాయామాలు చేయించేది. "నొప్పి వచ్చాక కాదండీ, రాకముందే పని ఆపాలి" అనేది. ఆమెకు నవ్వొచ్చేది. ఆ ఇంట్లో ఆమె పని ఆగాలంటే ఒళ్లు కాలే జ్వరమైనా రావాలి. నొప్పి ఎప్పుడు ఎక్కువవుతుందని ఓ రోజు డాక్టరమ్మ అడిగితే, క్లినిక్‌లో పరదా చాటున బల్ల మీద బోర్లా పడుకుని, కన్నతల్లికి కూడా చెప్పని మాట చెప్పేసింది.

"సాయంత్రం ఆయన బండి చప్పుడు వింటే చాలండీ, నడుం బిగుసుకుపోతుంది. దేనికి తప్పు పడతారో అని."

డాక్టరమ్మ చెయ్యి వీపు మీద ఒక క్షణం ఆగింది. నన్ను నమ్మిన మనిషి ఒకరున్నారు అనుకుంది ఆమె.

ఆదివారం ఆడపడుచు కుటుంబం భోజనానికొచ్చింది. ఆమె వడ్డిస్తుంటే భర్త చెల్లెలితో అన్నాడు. "మీ వదిన నొప్పికి మందేంటో తెలిసిపోయింది. నేను బండి అమ్మేసి నడిచి రావాలట. ఆ చప్పుడుకే పాపం నడుం పట్టేస్తోందట." అందరూ నవ్వారు. నవ్వి నవ్వి అత్తగారికి పొలమారితే మంచినీళ్లు అందించింది కూడా ఆమే. అందరూ వెళ్లాక భర్త, "ఇంటి గుట్టు బజారున పెట్టింది నువ్వు. నవ్వితే నాది తప్పా?" అన్నాడు.

అతని ఎగతాళి ఆమెకు కొత్త కాదు. ఆ మాట అతని దాకా ఎలా చేరిందన్నదే మింగుడు పడలేదు.

మర్నాడు అడిగేసింది. డాక్టరమ్మ చూపు తిప్పుకుంది. "మీవారు ఫోన్ చేశారండీ. భర్తే కదా, తెలిస్తే మీకు సాయంగా ఉంటారనుకున్నా."

మానేద్దామా అనుకుంది ఆమె. మానేస్తే మళ్లీ నొప్పితో అల్లాడేది తనే. వాళ్లు దానికీ నవ్వుతారు. వెళ్లి బల్ల మీద పడుకుంది.

"ఈరోజు ఎలా ఉంది?" డాక్టరమ్మ మెల్లగా అడిగింది.

ఆమె చెయ్యి వెనక్కి పెట్టి చోటు చూపించింది. "ఎక్కడ నొప్పో చెప్తానండీ. ఎందుకో మాత్రం ఇక మీకు చెప్పను."