మోచేతి కింద చెయ్యి

చిన్నకోడలికి భర్తతో వచ్చిన చిక్కల్లా ఆయన పొట్టతోనే. మనిషి మంచివాడే. జీతం తెస్తాడు, గొంతు పెంచడు, తాగిన కప్పు కడగడు గానీ బద్దలు కూడా కొట్టడు. ఆ పొట్ట మాత్రం ఏ ఫోటోలోనూ తనంతట తాను లోపలికి పోదు. ప్రతిసారీ ఆమే మౌసు పట్టుకుని, చంటిపిల్లను జోకొట్టినంత ఓపికగా, అంచు పట్టి కాస్త కాస్త లోపలికి నెట్టాలి. ఒక్క పిసరు ఎక్కువ నెడితే వెనకున్న తలుపు కూడా దాంతోపాటు వంగిపోతుంది. "నా పొట్ట తగ్గిందని తలుపు కూడా మురిసిపోయి వంగింది చూడు" అని ఆయన ఒకసారి హాస్యమాడాడు. ఆ తలుపును మళ్ళీ నిటారుగా నిలబెట్టే పని ఎవరిదో మాత్రం అడగలేదు.

ఈ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. భర్త ఆఫీసులో పాతబడి ఇంటికి చేరిన లాప్‌టాప్‌ని కుక్కర్ పక్కన పెట్టుకుని, వీడియోలు చూస్తూ, ఉల్లిపాయ వాసన చేతులతో ఆపుతూ, వెనక్కి జరుపుతూ నేర్చుకుంది. డిగ్రీకి కూడా అంత శ్రద్ధగా చదవలేదు. మొదట మరకలు తుడవడం వచ్చింది. అది ఎలాగూ అలవాటున్న పనే. తర్వాత ముడతలు, తర్వాత పొట్టలు, ఆఖరికి మనుషుల్ని తీసెయ్యడం. ఫోటోలో మనిషి వెనక ఏమీ ఉండదని ఆమెకు అప్పుడే తెలిసింది. కెమెరా చూడనిది ఎక్కడి నుంచి వస్తుంది? పక్కనున్న గోడ నుంచి కాస్త, కర్టెన్ నుంచి కాస్త అరువు తెచ్చి ఆ మనిషి మీద పూయాలి. మసిపూసి మారేడుకాయ చెయ్యడమని పెద్దలు దీన్నే అని ఉంటారనుకుని నవ్వుకుంది.

విద్య వచ్చిందని తెలిశాక చుట్టాలందరికీ ఒంట్లో ఏవేవి ఎక్కువయ్యాయో, ఏవేవి తక్కువయ్యాయో ఒక్కసారిగా గుర్తొచ్చాయి. "వదినా, నా మెడకింద కాస్త ఇస్త్రీ చేసిపెట్టవూ" అని ఆడపడుచు. "నాకు జుట్టు కాస్త ధారాళంగా వెయ్యమ్మా, నీ సొమ్మేం పోయింది" అని పినమామగారు. "స్టూడియో దాకా ఎందుకు, మన ఇంట్లోనే ఉందిగా, మధ్యాహ్నం ఖాళీగానే ఉంటుంది" అని భర్త ఫోన్లో అందరికీ హామీలిచ్చేవాడు. ఆ ఖాళీలోనే ఆమె బట్టలు మడతపెట్టేది, అత్తగారి కాలికి నూనె రాసేది, కూరలు తరిగేది. మిగిలిన ఖాళీలో చుట్టాలను సన్నబరిచేది. ఇన్ని ఫోటోల్లోనూ లేని మనిషి తనే. తీసేది ఎప్పుడూ తను కదా. ఎవరూ గమనించారని కూడా అనిపించలేదు.

ఆ ఆదివారం బావగారు పై వాటాలోంచి దిగి వచ్చి, టీ పుచ్చుకుని, కుర్చీ దగ్గరగా లాక్కున్నారు. అక్క, అంటే ఆయన భార్య, చిన్నకోడలికి తోడికోడలు, ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. కాగితాల మీద కూడా విడిపోయారు. ఇప్పుడు ఆయనకు మళ్ళీ ఒక సంబంధం కుదిరేలా ఉంది. ఆ పిల్ల తరఫువాళ్ళు ఇంటిల్లిపాదీ ఉన్న ఫోటో పంపమన్నారట. అలాంటిది ఒక్కటే ఉంది. అత్తగారు పక్షవాతం నుంచి తేరుకుని మొదటిసారి లేచి నిలబడ్డ రోజున వరండాలో తీసింది. మధ్యలో అత్తగారు, కుడిపక్క కొడుకులిద్దరూ, ఎడమపక్క అక్క.

"చూడమ్మా, దాన్ని తీసెయ్యి" అన్నారు బావగారు, గోడ మీద మరకను చూపించినంత తేలిగ్గా.

"తీసేస్తే అక్కడ ఖాళీ వస్తుంది బావగారూ."

"ఆ ఖాళీలో నువ్వు నించో" అన్నాడు భర్త పేపర్లోంచి తల ఎత్తకుండా. "ఎలాగూ ఏ ఫోటోలోనూ ఉండవు. నిండుగా ఉంటుంది."

అంటే ఆయన గమనించాడన్నమాట. గమనించి ఊరుకున్నాడన్నమాట. ఇన్నేళ్ళకు ఆ ఇంటి ఫోటోలో ఆమెకు చోటు దొరికింది, అదీ ఇంకో మనిషిని లేపేసిన చోట.

"నవ్వుతున్నది పెట్టు" అన్నారు బావగారు లేస్తూ. "ఇంట్లో ఆడవాళ్ళు సుఖంగా ఉన్నారని తెలియాలి కదా."

మర్నాడు వంట ముగించుకుని కూర్చుంది. ముందు అక్క ముఖం పోయింది. ఆ రోజు "నవ్వక్కా" అని కెమెరా వెనకనుంచి తనే అంటే, అక్క ఒక్క క్షణం నవ్వి ఆపేసింది. ఆ ఒక్క క్షణాన్ని ఇప్పుడు గోడరంగు కప్పేసింది. తర్వాత భుజాలు, చీర, పాదాలు. ఆ చోట పెళ్ళైన కొత్తలో తీసిన తన బొమ్మను కత్తిరించి నిలబెట్టింది, నీడ సరిచేసింది. తనను తాను చూసుకుని, పాపం ఎవరో అమాయకురాలు అనుకుంది. ఆఖరికి మిగిలింది అక్క చెయ్యి.

అది అత్తగారి ఎడమ మోచేతి కింద ఉంది. ఊరికే ఆనించిన చెయ్యి కాదు, బరువంతా మోస్తున్న చెయ్యి. దాన్ని తుడిచేసి చూసింది. అత్తగారు ఒక్కసారిగా పక్కకు ఒరిగి, పడబోతున్న మనిషిలా కనబడ్డారు. ముఖంలో మాత్రం నిలబడ్డానన్న ఆ గర్వం అలాగే ఉంది. పోనీ తన చేతినే అతికిద్దామని వెతికింది. ఆ పాత బొమ్మలో చేతులు కొంగు చాటునే ఉండిపోయాయి. తన చేతులున్న ఫోటోలు ఇంకెక్కడున్నాయి? కెమెరా పట్టుకున్న చేతులు ఫోటోలో పడవు. తుడిచిన చేతినే వెనక్కి తెచ్చి, తన జాకెట్టు అంచుకు కలిపింది. అతుకు బాగానే కుదిరింది. దగ్గరగా చూద్దామని పెద్దది చేసేసరికి చిటికెన వేలు కనబడింది. మధ్య కణుపు దగ్గర బయటికి వంగి, మళ్ళీ తిరగని వేలు.

ఆ వేలు విరిగిన రోజు ఆమె వంటింట్లో ఉంది. ముందు బావగారి కేక, తర్వాత తలుపు, తర్వాత ఏమీ లేదు. పరుగెత్తుకు వెళ్ళేసరికి అక్క చెయ్యి గుండెలకు అదుముకుని నిలబడి ఉంది. బావగారు గదిలోపల ఉన్నారు. అత్తగారు తలుపుకు ఎదురుగా చక్రాల కుర్చీలో ఉన్నారు. అక్క అత్తగారి వైపు చూసింది, అంతే. "గాలికి తలుపు పడింది" అన్నారు అత్తగారు. "సందులో చెయ్యి పెట్టకపోతేనేం, చూసుకోవద్దూ!" డాక్టరు దగ్గరా అదే మాట, చుట్టాల దగ్గరా అదే మాట. ఆ రోజు పెరట్లో ఆరేసిన దుప్పటి కొస కూడా కదల్లేదు. అయినా కుక్కిన పేనులా ఊరుకుంది చిన్నకోడలు. కట్టు కట్టిన చేత్తోనే అక్క అత్తగారికి స్నానం చేయించింది, తినిపించింది, కట్టు విప్పాక లేపి నిలబెట్టి అడుగులు వేయించింది. ఆవిడ కర్ర సాయంతో తనంతట తాను నడిచేదాకా ఆగి, అప్పుడు వెళ్ళింది. "ముసల్దానికి సేవ చెయ్యలేక పారిపోయింది" అని ఇంట్లో అనుకున్నారు. అనుకోగా అనుకోగా అది నిజమైపోయింది.

వేలు సరిచెయ్యడం ఎంతసేపు? అంత పొట్టను నెట్టిన చెయ్యి. మౌసు ఆనించి కాస్త లోపలికి నెట్టింది. వేలు చక్కబడింది. ఎవరూ ఏ తలుపూ వెయ్యని వేలు, బొమ్మకు పెట్టినట్టుంది. రేపు ఆ గదిలోకి రాబోయే పిల్లకు కూడా ఇలాంటి వేళ్ళే ఉంటాయి కాబోలు. కాసేపు చూసింది. చేసినది వెనక్కి తీసుకునే మీట నొక్కింది. వేలు మళ్ళీ వంగింది.

అప్పుడు అత్తగారిని పిలిచింది. ఆవిడ కర్ర పొడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"ఎవరే ఇది? నువ్వా? ఇంత సన్నగా ఎప్పుడున్నావు?"

"మీ ఇంటికొచ్చిన కొత్తల్లో అత్తయ్యా. ఇటు చూడండి. ఈ చెయ్యి ఉంచనా, తీసెయ్యనా?"

అత్తగారు కళ్ళజోడు సరిచేసుకుని వంగారు. ఆ వేళ్ళ మీదుగానే చాలాకాలం ఆవిడ నోట్లోకి ముద్ద వెళ్ళింది. గుర్తుపట్టడానికి ఆవిడకు పెద్దది చేసి చూపించనక్కర్లేదు.

"తీసేస్తే?" అన్నారు.

"మీరు పడిపోతారు."

ఆవిడ లేవబోయి, చెయ్యి ఆసరా కోసం చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుని కర్రను పట్టుకున్నారు.

బావగారు ఫోటోలో తన కళ్ళకింద నలుపు పోయిందా లేదా అని చూసుకున్నారు. భర్త తన పొట్ట చూసుకున్నాడు. "అద్భుతం, పంపెయ్" అన్నారిద్దరూ. పంపింది. రెండోరోజు సాయంత్రం పెళ్ళికూతురి తల్లి ఫోన్ చేసింది. అత్తగారి ఎడమచేతికి ఇంకా పట్టు రాలేదు, కుడిచేతిలో కర్ర ఉంటుంది కనక ఫోన్ ఎప్పుడూ బల్లమీద పెట్టి స్పీకర్లోనే మాట్లాడతారు. కొడుకులిద్దరూ చెరోపక్క కూర్చున్నారు. చిన్నకోడలు కప్పులు తీస్తోంది.

"వదినగారూ, ఫోటో అందిందండీ. అందరూ ఎంత కళగా ఉన్నారో! మా అమ్మాయి ఫోటో చూసి ఒకటే మాట అంది. మీ చిన్నకోడలు మిమ్మల్ని ఎంత పదిలంగా పట్టుకుందో చూడమ్మా, అలాంటి ఇంట్లో నాకేం భయం, అంది."

బావగారి ముఖం విప్పారింది. మాట్లాడమని తల్లికి సైగ చేశారు. అత్తగారు బల్లకేసి చూస్తూ ఉండిపోయారు.

"వదినగారూ? వినబడుతోందా అండీ?"

"ఆ చెయ్యి దానిది కాదండీ" అన్నారు అత్తగారు.

"అదేంటండీ?"

"అమ్మా!" అంటూ బావగారు ఫోన్ కోసం చెయ్యి చాచారు. చిన్నకోడలు ఖాళీ కప్పు అందుకుంటున్నట్టే వంగి, ఫోన్‌ని అత్తగారి వైపు జరిపింది. ఆయన చేతికి కప్పు తగిలింది.

"ఆ చెయ్యి నా పెద్దకోడలిది" అన్నారు అత్తగారు. పక్షవాతం వచ్చాక ఆవిడ మాట ముద్దగానే ఉండేది. ఇప్పుడు ఒక్కొక్క మాటా విడదీసి, అవతలివాళ్ళకు తెలిసేలా పలుకుతున్నారు. "చిటికెన వేలు చూడండి, వంకరగా ఉంటుంది. మావాడు, ఇప్పుడు మీరు పిల్లనిస్తానంటున్నవాడే, చెయ్యి ఉందని చూసే తలుపేశాడు. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. గాలికి పడిందని చెప్పాను. నన్ను మోసిన చెయ్యి అది. ఆ రోజు గాలి లేదు వదినగారూ. తప్పు నాదే."